అమెరికా పల్లెటూరి స్త్రీ పుట్టింటిని కాగితాల్లో వెతకడం

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ భర్తగారి ముత్తాతకు నాయనమ్మ అయిన స్త్రీ 1860 జనాభా లెక్కల్లో దక్షిణ మిస్సోరీలోని ఒక రైతు ఇంట్లో కనిపిస్తుంది. వయసు 22 ఏళ్ళు, పుట్టింది టెన్నెసీలో, పక్క వరుసల్లో భర్త, ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు. భర్త అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) ఉత్తరాది సైన్యంలో, అంటే కేంద్ర ప్రభుత్వ పక్షాన చేరి తిరిగి రాలేదని మీ మామగారింట్లో చెప్పుకుంటారు. 1870 లెక్కల్లో ఆమె జాడ లేదు. పుట్టింటి పేరు ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్‌లోని వంశవృక్షాల్లో మాత్రం ఒక ఇంటిపేరు కనిపిస్తోంది గానీ దానికి ఆధారం ఏమిటో ఎవరూ చూపలేదు. ఆమె ఎవరి కూతురో ఇప్పుడైనా తెలుసుకోగలమా అని అడిగారు.

తెలుసుకోవడానికి మంచి అవకాశమే ఉందని నేను అనుకుంటున్నాను. అయితే ఆమె పేరును వెతుకుడు పెట్టెలో మళ్ళీ మళ్ళీ టైపు చేయడం వల్ల అది జరగదు. ఆ కాలపు అమెరికాలో అమల్లో ఉన్న ఇంగ్లీషు న్యాయ సంప్రదాయం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి భర్త నుంచి వేరుగా చట్టపరమైన ఉనికి దాదాపు లేదు. ఆమె సొంతంగా ఒప్పందం చేసుకోలేదు, దావా వేయలేదు, ఆమె కష్టపడి సంపాదించినది కూడా భర్తదే అయ్యేది. మిసిసిపీ 1839లో, న్యూయార్క్ 1848లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు తెచ్చాయి, ఇతర రాష్ట్రాలు మెల్లగా అదే దారి పట్టాయి, కానీ పల్లెల్లో కాగితాలు రాసే పద్ధతి మారడానికి చాలా కాలం పట్టింది. కాబట్టి ఒక గుమస్తా ఆమె పేరు రాశాడంటే, రాయకపోతే ఎవరి భూమికో, ఎవరి బాకీకో, ఎవరి పింఛనుకో చిక్కు వచ్చేది కనుకనే రాశాడని అర్థం. ఆమె సమ్మతి గానీ, సాక్ష్యం గానీ, వాటా గానీ ఎవరికి అవసరమైందో ఆలోచించి ఆ కాగితం దగ్గరికి వెళ్ళడమే ఈ పనిలో నేను నమ్ముకున్న మార్గం. ఇక్కడ చెప్పబోయేదంతా దాని వివరమే.

మొదట చివరి నుంచి రండి. మిస్సోరీలో రాష్ట్రవ్యాప్తంగా మరణాల నమోదు 1910లో మొదలైంది, అప్పటి నుంచి ఉన్న మరణ ధ్రువీకరణ పత్రాల్లో మరణించి యాభై ఏళ్ళు దాటినవాటిని ఆ రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తోంది. 1860లో పసివాళ్ళుగా ఉన్న ఆ ఇద్దరు పిల్లలు 1910 దాటి బతికి ఉంటే, వారి పత్రాల్లో తల్లి పుట్టింటి పేరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. ఒక్క మీ వంశానికి చెందిన కొడుకు పత్రంతో ఆగకండి, ఆమెకు పుట్టిన ప్రతి బిడ్డ పత్రమూ తెప్పించండి. ఆ గడిని నింపినవాడు చనిపోయిన మనిషి కాదు, ఆ రోజు ఇంట్లో ఉన్న కొడుకో, అల్లుడో, పొరుగువాడో. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట పోయిన నాయనమ్మ పుట్టింటి పేరు అతనికి తెలియకపోవచ్చు, ఆమె రెండో పెళ్ళి తర్వాతి పేరునే పుట్టింటి పేరు అనుకుని చెప్పి ఉండవచ్చు. వేర్వేరు కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) పోయిన ఇద్దరు పిల్లల పత్రాల్లో, వేర్వేరు మనుషులు చెప్పినా ఒకే పేరు వస్తే అప్పుడు దానికి బలం ఉంటుంది. పత్రం అడుగున సమాచారం ఇచ్చినవారి పేరు ఉంటుంది, దాన్ని తప్పకుండా రాసుకోండి.

ఇక 1870లో ఆమె కనిపించకపోవడం గురించి. ముప్పై ఏళ్ళు నిండని వితంతువు, చేతిలో ఇద్దరు పిల్లలు, దున్నడానికి మనిషి లేని పొలం. అలాంటి స్త్రీ కొన్నేళ్ళలోపే మళ్ళీ పెళ్ళి చేసుకోవడం ఆ ప్రాంతంలో సర్వసాధారణం. కాబట్టి 1870లో ఆమె మరో ఇంటిపేరుతో ఉండి ఉంటుంది. లెక్కలు రాసినవాడు పిల్లలను కూడా మారుతండ్రి ఇంటిపేరుతోనే రాసి పారేసి ఉండవచ్చు. అందుచేత ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, ఇద్దరు పిల్లల పేర్లు, వారి సుమారు వయసులు, పుట్టిన రాష్ట్రం, కౌంటీ మాత్రమే ఇచ్చి వెతకండి. ఆ ఇద్దరి పేర్లూ ఒకే ఇంట్లో, టెన్నెసీలో పుట్టిన ముప్పై రెండేళ్ళ స్త్రీ కింద కనిపిస్తే ఆ పేజీని దగ్గర పెట్టుకోండి, కానీ అప్పుడే రుజువైందని అనుకోకండి. 1870 లెక్కల్లో కుటుంబ సభ్యుల మధ్య బంధుత్వం రాయలేదు. బంధుత్వం మొదటిసారి రాసింది 1880లోనే, అప్పుడు 'సవతి కొడుకు' అన్న మాట కనిపిస్తే మన ఊహ నిలబడుతుంది. 1880లోనే ప్రతి మనిషి తల్లిదండ్రులు పుట్టిన రాష్ట్రాలు కూడా రాయడం మొదలుపెట్టారు. ఆమె వరుసలో తండ్రికి వర్జీనియా అనీ, తల్లికి ఉత్తర కరోలినా అనీ ఉంటే, రేపు టెన్నెసీలో తండ్రి ఎవరా అని వడకట్టేటప్పుడు అదే మీకు జల్లెడ. ఆమె 1900 దాకా బతికి ఉంటే ఆ లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం, ఎంతమంది పిల్లలను కన్నది, వారిలో ఎందరు బతికి ఉన్నారు అన్నవి ఉంటాయి. మనకు తెలియని బిడ్డలు ఇంకా ఉన్నారేమో ఆ రెండు అంకెలు చెబుతాయి. మధ్యలోని 1890 లెక్కలను ఆశించవద్దు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడై, మిగిలినవి కూడా తర్వాత పారేయగా, ఆరు వేల పైచిలుకు పేర్లు మాత్రమే దక్కాయి. అయితే ఉత్తరాది సైనికులను, వారి వితంతువులను విడిగా నమోదు చేసిన 1890 జాబితాల్లో మిస్సోరీవి మిగిలే ఉన్నాయి, వాటిని చూడండి.

వెనక్కి పోతే, కుటుంబంలో బానిస కాని ప్రతి మనిషి పేరునూ రాసిన మొదటి లెక్కలు 1850వి. అంతకు ముందు ఇంటి యజమాని పేరు తప్ప మిగిలినవారంతా వయసుల వారీగా గీతలే. బానిసలుగా ఉన్నవారి పేర్లయితే 1850లోనూ 1860లోనూ రాయలేదు, యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు, అందువల్ల ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలకు ఈ వెతుకులాట 1870 దగ్గరే గోడకు తగులుతుంది. మీ విషయంలో 1850లో ఆమెకు సుమారు పన్నెండేళ్ళు. టెన్నెసీలో ఆ పేరు, ఆ వయసు గల అమ్మాయిలు ఎందరో దొరుకుతారు. వారిలో ఎవరో ఒకరిని ఎంచుకోవాలన్న తొందర చాలామందిని దారి తప్పిస్తుంది. బంధుత్వం రాయని ఆ లెక్కల్లో ఒక ఇంట్లో ఉన్న అమ్మాయి ఆ ఇంటి యజమాని కూతురే కావాలని లేదు. మేనకోడలు కావచ్చు, అనాథగా పెరుగుతున్న పిల్ల కావచ్చు. కాబట్టి 1850 పేజీలను చివరికి ఉంచుకుని, ముందు మిస్సోరీలో దొరికేదంతా పోగుచేయండి.

నేను అన్నిటికంటే ముఖ్యంగా తెప్పించే కాగితం పింఛను ఫైలు. మీ ఇంట్లోని మాట నిజమై, ఆయన ఉత్తరాది సైన్యంలో ఉండగా పోయి ఉంటే, 1862 జూలై 14 నాటి చట్టం ప్రకారం ఆయన వితంతువుకు నెలకు 8 డాలర్ల పింఛను హక్కు ఉంది, అది సామాన్య సిపాయి భార్యకు ఇచ్చే మొత్తం. 1866లో పదహారేళ్ళ లోపు బిడ్డ ఒక్కొక్కరికి నెలకు 2 డాలర్లు అదనంగా కలిపారు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె పింఛను ఆ రోజుతో ఆగిపోయి, పిల్లలకు పదహారేళ్ళు నిండేవరకు సంరక్షకుడి ద్వారా పిల్లల పేర కొనసాగేది. మీకు కావలసిన మలుపు ఇక్కడే ఉంది. పిల్లల పేర పింఛను మార్చడానికి తల్లి ఏ తేదీన ఎవరిని పెళ్ళి చేసుకుందో ప్రభుత్వానికి చూపించాలి. ఆ ఒక్క కాగితం 1870 చిక్కును విప్పేస్తుంది. సంరక్షకుడిగా కోర్టు ఎవరిని నియమించిందో కూడా చూడండి. తరచుగా అతడు తల్లి తరఫు మనిషి, మేనమామో, తాతో అయి ఉంటాడు.

ఈ ఫైళ్ళలో ఏం ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. నేను చూసిన ఒక ఫైలులో పెళ్ళి జరిపిన ప్రీచరు అప్పటికే చనిపోయాడు, కౌంటీ కోర్టు యుద్ధంలో తగలబడిపోయింది, కాబట్టి పెళ్ళికి లిఖితపూర్వక ఆధారం లేదు. ఆ స్త్రీ కుటుంబ బైబిలులో పుట్టుకలు రాసుకున్న ఆకును కత్తిరించి, ప్రమాణపత్రంతో పాటు పంపింది. ఆకు మడత దగ్గర పలచబడింది, పిల్లల పేర్లు మూడు రకాల సిరాలతో ఉన్నాయి. దాని వెనుక కాగితంలో పురుడు పోసిన మంత్రసాని వాంగ్మూలం ఉంది. ఆమెకు చదువు రాదు, పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టింది. ఆ బిడ్డ ఫలానా రోజున తన చేతుల్లో పుట్టాడని చెప్పి, ఆ తల్లిని ఆమె పెళ్ళికి ముందు నుంచీ ఎరుగుదునని, ఆమె ఫలానా వారి కూతురని ఒకే వాక్యంలో చెప్పేసింది. ఆ కుటుంబం ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్న పేరు ఆ వాక్యంలో ఉంది. అర్జీ అచ్చు ఫారంలోనే పెళ్ళికి ముందు ఆమె పేరు ఏమిటో నింపాల్సిన ఖాళీ చాలాసార్లు ఉంటుంది గానీ, నాకు మాత్రం సాక్షుల మాటల్లో దొరికినదే ఎక్కువ. ఎందుకంటే ఆమెను ఎప్పటినుంచి, ఎలా ఎరుగుదురో చెప్పకపోతే వారి సాక్ష్యానికి విలువ ఉండదు. పింఛను కార్యాలయానికి అనుమానం వస్తే ప్రత్యేక విచారణాధికారిని ఊరికి పంపేది. అలాంటి ఫైలు మీకు దొరికితే మీ అదృష్టమే, ఇరుగుపొరుగు అందరి వాంగ్మూలాలూ ప్రశ్న, జవాబు రూపంలో ఉంటాయి.

ఆ ఫైళ్ళు వాషింగ్టన్‌లోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. ముందు పింఛను సూచిక కార్డు వెతకాలి. అందులో సైనికుడి పేరు, దళం, వితంతువు పేరు, మైనరు పిల్లల తరఫున సంరక్షకుడి పేరు, అర్జీ సంఖ్య, ఏ రాష్ట్రం నుంచి అర్జీ పెట్టారు అన్నవి ఉంటాయి. ఆయన ఏ దళంలో ఉన్నారో తెలియకపోతే మిస్సోరీ పత్రాల భాండాగారంలోని సైనికుల పట్టికలో మొదలుపెట్టండి. ఫైలు కాపీ అడిగేటప్పుడు ఎంపిక చేసిన కొన్ని పుటలు కాకుండా పూర్తి ఫైలు కావాలని స్పష్టంగా రాయండి. బైబిలు ఆకు గానీ, మంత్రసాని మాట గానీ ఆ ఎంపికలో పడకపోవచ్చు. బైబిలు ఆకు ఉంటే ఆ బైబిలు అచ్చయిన సంవత్సరం ఎక్కడైనా ఉందేమో చూడండి. అచ్చయిన సంవత్సరం కంటే ముందు జరిగిన పుట్టుకలను ఎవరో తర్వాత జ్ఞాపకం మీద రాశారని గుర్తించాలి. ఒకవేళ ఆయన దక్షిణాది సైన్యంలో ఉన్నారని తేలితే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఈ పింఛను ఉండదు. దక్షిణాది వారికి తర్వాతి కాలంలో ఆయా రాష్ట్రాలే పింఛన్లు ఇచ్చాయి, ఆ కాగితాలు రాష్ట్ర భాండాగారాల్లో ఉంటాయి.

పెళ్ళి నమోదు గురించి ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆ కాలంలో పెళ్ళి కాగితాలు కౌంటీ కోర్టులో ఉండేవి, పెళ్ళి సాధారణంగా పెళ్ళికూతురి ఊళ్ళో జరిగేది. మన దగ్గర కూడా పెళ్ళి ఆడపిల్ల ఇంట జరగడం ఆనవాయితీ గనుక మీకు ఇది వింతగా అనిపించదు. అయినా వెతికేవాళ్ళు మగవాడి ఊళ్ళోనే వెతుకుతూ ఉండిపోతారు. దీనికి అందరికీ తెలిసిన నిదర్శనం అబ్రహాం లింకన్ తల్లి నాన్సీ హ్యాంక్స్. కెంటకీ పల్లెల్లో పెరిగి, 1818లో ఇండియానాలో ఒక అటవీ పల్లెలో, విషపు మొక్కలు మేసిన ఆవుల పాల వల్ల వచ్చే పాలజబ్బుతో చనిపోయిన ఆమె గురించి లింకన్‌కు తెలిసినది కూడా కొద్దే. తల్లిదండ్రులు కాపురమున్న హార్డిన్ కౌంటీలో వారి పెళ్ళి కాగితం లేకపోవడంతో, అసలు వారికి పెళ్ళే కాలేదన్న పుకార్లు రాజకీయంగా చాలాకాలం నడిచాయి. కాగితం నిజానికి నాన్సీ పెళ్ళికి ముందు బంధువులతో ఉన్న వాషింగ్టన్ కౌంటీలో ఉంది. 1806 జూన్ 10న థామస్ లింకన్, రిచర్డ్ బెర్రీ కలిసి 50 పౌండ్లకు రాసిన పెళ్ళి బాండు అది, అంటే పెళ్ళికి చట్టపరమైన అడ్డంకి తేలితే అంత సొమ్ము కడతామన్న పూచీపత్రం, పెళ్ళి జూన్ 12న జెస్సీ హెడ్ అనే ప్రీచరు జరిపాడు. లింకన్ చనిపోయిన తర్వాత గానీ అది బయటపడలేదు. ఆ బాండు మీద బెర్రీ తనను సంరక్షకుడిగా రాసుకున్నాడు. తండ్రి పేరు ఉండవలసిన చోట వేరొకరు ఉండటమే ఆమె పుట్టుక గురించిన అన్వేషణకు ఒక కొన అందించింది.

మీకు దీని నుంచి పనికివచ్చేది రెండు. ఆమె 1850లో టెన్నెసీలో ఉండి, 1860లో ఏడాది రెండేళ్ళ పిల్లలతో మిస్సోరీలో ఉంటే, పెళ్ళి 1850ల రెండో సగంలో జరిగి ఉంటుంది. పెద్దబిడ్డ ఏ రాష్ట్రంలో పుట్టిందో లెక్కల్లో చూసి, టెన్నెసీ అయితే అక్కడ, మిస్సోరీ అయితే ఆ కౌంటీలోనూ పక్క కౌంటీల్లోనూ వెతకండి. ఆ పదేళ్ళలో కౌంటీల సరిహద్దులు మారాయేమో, కొత్త కౌంటీ ఏ పాత కౌంటీ నుంచి చీలిందో ముందే తెలుసుకోవాలి, కాగితం పాత కౌంటీలోనే ఉండిపోతుంది. టెన్నెసీ వంటి దక్షిణాది రాష్ట్రాల్లో పెళ్ళి బాండు మీద సంతకం చేసిన రెండో మనిషి చాలాసార్లు పెళ్ళికూతురి తండ్రో అన్నో అయి ఉంటాడు. రెండోది, ఆమె రెండో పెళ్ళి కాగితం దొరికినప్పుడు అందులో కనిపించే ఇంటిపేరు మొదటి భర్తది. దాన్ని పుట్టింటి పేరుగా ఎక్కించిన వంశవృక్షాలు లెక్కలేనన్ని ఉన్నాయి, మీకు కనిపించిన ఆధారం లేని పేరు కూడా అలాంటిదే కావచ్చు, లేదా ఆమె రెండో భర్త ఇంటిపేరు కావచ్చు. ముందు ఆ రెండు అవకాశాలనూ పరీక్షించండి.

భూమి దస్తావేజుల దగ్గర స్త్రీ పేరు తప్పనిసరి అయ్యేది. భర్త భూమిలో మూడో వంతును జీవితాంతం అనుభవించే హక్కు వితంతువుకు ఉండేది గనుక, ఆమె ఆ హక్కును వదులుకోకపోతే కొన్నవాడికి రేపు పేచీ వస్తుంది. అందుకే భర్త అమ్మేటప్పుడు అధికారి ఆమెను భర్తకు దూరంగా విడిగా కూర్చోబెట్టి, దస్తావేజులో ఏముందో చెప్పి, భర్త బలవంతం లేకుండా ఒప్పుకుంటున్నావా అని అడిగి, ఆ మాటను దస్తావేజు చివర రాసేవాడు. సూచికలో మాత్రం భర్త పేరే ఉంటుంది, కనుక దస్తావేజు పూర్తిగా చదవాలి. ఇదంతా ఆమె పెళ్ళయిన తర్వాతి పేరు. పుట్టింటి పేరు కోసం వెతకవలసింది ఆమె తండ్రి చనిపోయిన తర్వాత జరిగిన పంపకాలు.

టెన్నెసీలో ఒక రైతు వీలునామా లేకుండా పోతే, కోర్టు వారసులందరి పేర్లూ, ఎవరెక్కడ ఉన్నారో రాయించేది. పెళ్ళయిన కూతుళ్ళ వాటా వారి భర్తల చేతికి వెళ్ళేది గనుక, కూతురి పేరు పక్కన అల్లుడి పేరు కూడా వచ్చేది, దూర రాష్ట్రాల్లో ఉంటే 'మిస్సోరీ నివాసులు' అని ఉండేది. మిస్సోరీ నుంచి అంత దూరం రాలేని వారు అక్కడి మనిషికి అధికారపత్రం పంపేవారు, అది రెండు కౌంటీల్లోనూ నమోదై ఉండవచ్చు. తండ్రి భూమిని పంచడానికి వేసిన దావాల్లో, చనిపోయిన కూతురి పిల్లల పేర్లు కూడా వస్తాయి. ఈ కాగితాలు ఇంతకాలం చదివేవాళ్ళు లేక మూలపడ్డాయి, ఎందుకంటే సూచికలో తండ్రి పేరు తెలిస్తే గానీ వాటిని తెరవలేం, మనకు తెలియనిది ఆ తండ్రి పేరే. 2024 నుంచి పరిస్థితి మారింది. ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత సంస్థ చేతిరాత దస్తావేజులను, వారసత్వ పత్రాలను కంప్యూటరుతో చదివించి, వాటిలోని ప్రతి పదాన్నీ వెతికే వీలు కల్పించింది. కాబట్టి మీరు ఆమె భర్త పూర్తి పేరు ఇచ్చి టెన్నెసీ పత్రాల్లో వెతకండి. అల్లుడిగా అతని పేరు ఎక్కడో ఒక పంపకాల జాబితా మధ్యలో పడి ఉండవచ్చు. కంప్యూటరు చదివినదాన్ని నమ్మి ఆగిపోకుండా అసలు బొమ్మను మీ కళ్ళతో చదవండి, ఆ చేతిరాతల్లో పొడవాటి ఎస్ అక్షరాన్ని ఎఫ్ అనుకోవడం, ఎల్‌ను ఎస్ అనుకోవడం మామూలు.

మిస్సోరీలో ఆమె మొదటి భర్త ఆస్తి లెక్కలు కూడా చదవండి. భర్త పోగానే కోర్టు మనుషులు ఇంటికి వచ్చి ఆవులు, గుర్రం, నాగలి, కుండలతో సహా రాసుకుని వేలం వేసేవారు. రాట్నం, మగ్గం, పక్కబట్టలు, ఏడాదికి సరిపడా తిండిగింజలు వంటివి వితంతువుకు వదిలేయాలని చాలా రాష్ట్రాల చట్టాలు చెప్పాయి, మిగిలినవి ఆమె కూడా వేలంలో పాడుకుని కొనాల్సిందే. కొన్నవారి జాబితాలో తన వంటింటి సామాను తానే కొనుక్కున్న వితంతువుల పేర్లు చూస్తుంటే మనసు కష్టపడుతుంది. ఆ జాబితాలో ఆమెతో పాటు ఎవరెవరు కొన్నారు, ఆమె తరఫున జామీను ఎవరు నిలబడ్డారు అన్నవి రాసుకోండి. నష్టం వస్తే తాను కట్టాల్సిన జామీనుకు ఊరికే ఎవరూ నిలబడరు, తండ్రి, అన్నదమ్ములు, బావలు నిలబడతారు.

ఇదే కారణంతో 1860 పేజీకి అటు పది ఇళ్ళు, ఇటు పది ఇళ్ళు ఎవరివో రాసుకోవాలి. టెన్నెసీ నుంచి మిస్సోరీకి వెళ్ళిన కుటుంబాలు ఒంటరిగా వెళ్ళలేదు, అన్నదమ్ములు, మేనమామలు, ఒకే చర్చివాళ్ళు బళ్ళు కట్టుకుని కలిసి వెళ్ళి పక్కపక్కనే భూములు తీసుకున్నారు. స్నేహితులు, సహచరులు, ఇరుగుపొరుగు వారి ద్వారా మనిషిని గుర్తించే ఈ పద్ధతిని అమెరికా వంశ పరిశోధకురాలు ఎలిజబెత్ షోన్ మిల్స్ ఒక సూత్రంగా ప్రచారంలోకి తెచ్చారు. ఆ పొరుగు ఇళ్ళలో టెన్నెసీలో పుట్టిన నడివయసు దంపతులు ఉన్నారా, వారి ఇంటిపేరు మీ కుటుంబంలో ఎవరికైనా రెండో పేరుగా కనిపిస్తుందా చూడండి. తల్లి పుట్టింటి పేరును కొడుకుకు మధ్య పేరుగా పెట్టడం ఆ ప్రాంతంలో బాగా ఉన్న అలవాటు. ఆమె పేరు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పాలీ అంటే మేరీ, ప్యాట్సీ అంటే మార్తా, సాలీ అంటే సారా, పెగ్గీ అంటే మార్గరెట్. ఒకే స్త్రీ ఒక కాగితంలో ఇలా, మరో కాగితంలో అలా కనిపిస్తుంది. బాప్టిస్టు సంఘాల పుస్తకాలు కూడా చూడండి, స్త్రీలను భర్తల చాటున కాకుండా వారి వారి పేర్లతోనే సభ్యులుగా రాసిన అరుదైన చోట్లలో అవి ఒకటి, ఊరు మారినప్పుడు ఏ సంఘం ఇచ్చిన సభ్యత్వ ఉత్తరంతో వచ్చారో కూడా కొన్ని పుస్తకాలు చెబుతాయి.

డీఎన్‌ఏ పరీక్ష గురించి మీరు విడిగా అడగలేదు గానీ, వంశవృక్షాల సంస్థల ప్రకటనలు చూసి మీకు ఆలోచన వచ్చే ఉంటుంది. మీ భర్తగారికి ఆమె ఐదు తరాల పైన ఉన్న మనిషి, ఆమె నుంచి ఆయనకు వచ్చిన భాగం సగటున 3 శాతం మాత్రమే. మీ మామగారు ఒప్పుకుంటే ఆయన చేత చేయించండి, ఆయనలో ఆ భాగం సగటున రెట్టింపు ఉంటుంది, ఇంకా పై తరంవారు బతికి ఉంటే వారికి మొదటి అవకాశం ఇవ్వండి. తల్లి నుంచి బిడ్డలకు మాత్రమే దిగే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ ఇక్కడ మీ భర్తగారి ద్వారా తెలియదు, ఎందుకంటే మీరు ఆమె కొడుకు వంశం. ఆమె కూతురికి కూతురు, ఆ కూతురికి కూతురు అన్న వరుసలో వచ్చినవారు ఎవరైనా ఉంటే వారే దానికి పనికివస్తారు. నాన్సీ హ్యాంక్స్ విషయంలో కూడా ఇదే జరిగింది. ఆమె కూతురు సారా 1828లో కాన్పులో చనిపోవడంతో ఆమె సొంత ఆడవరుస ఆగిపోయింది, అందుకని బంధువుల ఆడవరుసల్లో దిగివచ్చిన వారిని పరీక్షించారు. 2015లో వెలువడిన ఆ ఫలితాలు, ఆమె తల్లి లూసీ హ్యాంక్స్ అన్న పక్షానికి బలమిచ్చి, షిప్లీ కుటుంబం నుంచి వచ్చిందన్న వాదాన్ని బలహీనపరిచాయి. కానీ ఎవరి రక్తాన్ని ఎవరితో పోల్చాలో ముందు కాగితాలు చెప్పాయి. మీకూ కాగితాల్లో ఒక అభ్యర్థి కుటుంబం తేలిన తర్వాతే ఈ ఖర్చు పెట్టుకోవడం మంచిది.

ఇంటర్నెట్‌లో దొరికిన పుట్టింటి పేరును కొట్టిపారేయనవసరం లేదు, దాన్ని ఒక ఊహగా కాగితం మీద రాసుకుని, అది నిజమైతే ఏమేమి కనిపించాలో పక్కన రాయండి. 1850 టెన్నెసీలో ఆ ఇంటిపేరుతో ఆ వయసు అమ్మాయి ఉండాలి. ఆ అమ్మాయి 1860లో తండ్రి ఇంట్లోనే పెళ్ళికాకుండా కనిపించకూడదు, వేరొకరిని పెళ్ళి చేసుకుని ఉండకూడదు. చివరి పరీక్షను ఎక్కువమంది చేయరు. నలభై వృక్షాలు ఒకే పేరు చెప్పినా అవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవైతే అది ఒక్క సాక్షి కిందే లెక్క, ఆ సాక్షి ఎక్కడ చూసి రాశారో మర్యాదగా ఉత్తరం రాసి అడగండి. కొన్నిసార్లు వారి దగ్గరే ఇంట్లో దాచిన బైబిలు ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన క్రమం చెబుతాను. ఈ వారం ఇద్దరు పిల్లల మరణ పత్రాలు, 1880 లెక్కల పేజీ తీసుకోండి, ఇంట్లో కూర్చునే చేయవచ్చు, ఖర్చు లేదు. అదే సమయంలో పింఛను సూచికలో ఆయన పేరు చూసి పూర్తి ఫైలుకు అర్జీ పెట్టండి, అది రావడానికి కొంతకాలం పట్టవచ్చు. ఈలోగా 1860 పొరుగు ఇళ్ళ జాబితా తయారు చేసుకుని, వారిలో టెన్నెసీ వారి ఇంటిపేర్లను ఆయన పేరుతో కలిపి టెన్నెసీ వారసత్వ పత్రాల్లో వెతకండి. ఫైలు చేతికి వచ్చాక అందులోని సాక్షులందరి పేర్లూ, సంరక్షకుడి పేరూ, జామీను నిలిచినవారి పేర్లూ ఒక పట్టికగా రాసి, 1850లో వారు టెన్నెసీలో ఏ కౌంటీలో ఉన్నారో చూడండి. ఇద్దరు ముగ్గురు ఒకే కౌంటీలో తేలితే, ఆ కౌంటీ పత్రాల్లో పన్నెండేళ్ళ ఆ అమ్మాయి కోసం అప్పుడు వెతకండి. ఫైలులో చేతిరాత చదవడం కష్టమైన పుటలుంటే వాటి సంఖ్యలు తెలియజేయండి, అంతర్యుద్ధ కాలపు గుమస్తాల రాతకు నాకు అలవాటుంది కనుక చదివి పెడతాను.